హాండెల్ గ్లోరియా, మిర్యాము డప్పు: నల్లగొండ, పాలమూరు సంఘాల ఆరాధన సంగీతముపై ఒక చారిత్రక పరిశీలన

2001లో లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ గ్రంథాలయములో ఒక పాత సంగీత ప్రతిని జర్మన్ పండితులు హాన్స్ యోవాఖిమ్ మార్క్స్ గుర్తించారు. అది జార్జ్ ఫ్రిడ్రిక్ హాండెల్ రచించిన "గ్లోరియా" అని ప్రకటించారు. నిజానికి ఆ ప్రతి కొత్తగా దొరికినది కాదు. బాలుడిగా హాండెల్ ఎదుట పాడి, పెద్దవాడై మంద్రస్థాయి గాయకుడైన విలియం శావేజ్ (1720-1789) సేకరణలో అది ఉండేది. ఆయన శిష్యుడు స్టీవెన్స్ 1837లో మరణించినప్పుడు అకాడమీకి చేరింది. ఇతర పాటలతో కలిపి బైండు చేసి ఉండడము వలన నూట అరవై ఏండ్లకు పైగా దానిని ఎవరూ పట్టించుకోలేదు. హాండెల్ చేతివ్రాత కాదు గనుక కర్తృత్వమును శంకించిన పండితులూ ఉన్నారు. ఆ వాదము మన విషయము కాదు.

మనకు ముఖ్యమైనది ఆ రచన నిర్మాణము. ఒక్క సొప్రానో గొంతు, అనగా స్త్రీ కంఠాలలో అన్నిటికంటె పైస్థాయి, రెండు వయొలిన్లు, కింద మంద్రస్వరమును నడిపే తంత్రీవాద్యము, దానిని పూరించే ఆర్గన్ లేక హార్ప్సికార్డ్. అంతే. పాఠము లూకా 2:14లో దూతల సమూహము పాడిన స్తుతితో మొదలయ్యే ప్రాచీన లతీను స్తోత్రము. నల్లగొండ కతోలిక మేత్రాసనములో (1976లో ఏర్పడినది) ఆదివారపు పూజలో, సి.ఎస్.ఐ. సంఘాల ప్రభు భోజన క్రమములో తెలుగులో వినిపించేది ఆ పాఠమే. పరలోక సైన్యసమూహము పాడినదానిని ఒక్క కంఠానికి అప్పగించడము బరోక్ కాలపు ధైర్యము.

ఈ వ్యాసము హాండెల్ గురించి కాదు. ఆరాధనలో ఒంటరిగా పాడడానికి ఎవరి కంఠము తగును, ఆ కంఠము ప్రక్కన ఏ వాయిద్యము పవిత్రము అనే ప్రశ్నను ఐరోపా సంఘము ఒకప్పుడు ఎదుర్కొన్నది. అదే ప్రశ్న కృష్ణా, మూసీ నదుల మధ్య మెట్టభూములలో పుట్టిన మన సంఘాలలో వేరొక రూపములో నూరేండ్లకు పైగా నిలిచి ఉన్నది. ఐరోపాలో అది తేలిన తీరును చూస్తే మన ప్రశ్నను సరిగా అడగవచ్చునని నా ఉద్దేశము.

పవిత్రత ఎప్పుడు వచ్చినది?

వయొలిన్ గుడిలో పుట్టిన వాయిద్యము కాదు. పదహారవ శతాబ్దములో అది నాట్యానికి, పెండ్లి విందులకు, వీధి వినోదాలకు వాడిన వాద్యము. బరోక్ కాలములో నాటకశాలకు, అక్కడినుండి దేవాలయానికి వచ్చినది. అది వచ్చిన తోవ సంఘ పెద్దలకు బాగా తెలుసు. అందుకే 1723 మేలో లైప్జిగ్ నగరసభ బాఖ్‌ను నియమించినప్పుడు ఆరాధన సంగీతము ఆపెరావలె ఉండరాదని, వినేవారిని భక్తికి ప్రేరేపించాలని ఒప్పందములో వ్రాయించుకొన్నది.

స్త్రీ కంఠము సంగతి ఇంకా కఠినము. 1 కొరింథీ 14:34ను ఆధారము చేసుకొని కతోలిక ప్రాంతాలలోనే గాక అనేక ప్రొటెస్టెంటు నగరాలలోనూ దేవాలయ గాయకబృందములో స్త్రీలను అనుమతించలేదు. పైస్థాయి భాగాలను బాలురు పాడేవారు. ఇటలీలో బాల్యములోనే వృషణాలు తీయబడిన పురుషులు పాడేవారు. దేవుని స్తుతి కొరకు పిల్లల శరీరాలను కోయడము తప్పు కాదనుకొన్న కాలము, స్త్రీ నోరు తెరిస్తే తప్పు అనుకొన్నది. 1706 నవంబరులో ఆర్న్‌స్టాట్ పట్టణ సంఘపెద్దలు యువకుడైన బాఖ్‌ను పిలిపించి, పరాయి కన్యను గాయకుల మేడమీదికి రానిచ్చి సంగీతము చేయించినందుకు సంజాయిషీ అడిగారు. 1708 ఈస్టరుకు రోములో హాండెల్ "పునరుత్థానము" అనే కృతిని ఒక ప్రభువు భవనములో ప్రదర్శించగా, అందులో దురస్తాంతి అనే గాయని పాడినందుకు పదకొండవ క్లెమెంటు పోపు మందలించారు. మరునాడు ఆమె స్థానములో పురుష గాయకుని నిలబెట్టవలసి వచ్చినది. "గ్లోరియా" కూడ ఇంచుమించు ఈ యేండ్లదే, 1707 ప్రాంతముదని మార్క్స్ భావన. ఈనాడు దానిని స్త్రీలు పాడుతుంటే అంతకంటె పవిత్రమైన శబ్దము మరొకటి లేదని అందరూ అంటారు. మారినది శబ్దము కాదు, వినేవారి చెవి.

హాలె నుండి నల్లగొండకు

హాండెల్ 1685లో జర్మనీలోని హాలె పట్టణములో పుట్టారు. 1690లలో అదే పట్టణములో ఫ్రాంకె అనాథశాలను, పాఠశాలలను స్థాపించారు. పయటిస్టు ఉద్యమానికి అది కేంద్రమైనది. హాలెలో చదివిన సీగెన్‌బాల్గ్ 1706లో తరంగంబాడిలో దిగారు. ఆయన తరువాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకొని బైబిలును తెలుగులోనికి అనువదించారు. అది అచ్చు కాలేదు. స్వదేశానికి తిరిగి వెళ్లి 1746, 1747 సంవత్సరాలలో హాలెలోనే తెలుగు అక్షరాలు పోత పోయించి లూథరు చిన్న ప్రశ్నోత్తరి మొదలైన పుస్తకాలు అచ్చువేయించారు. మన భాషలో అచ్చయిన తొలి పుస్తకాలుగా పండితులు లెక్కించేవి ఇవే. అప్పటికి హాండెల్ లండన్‌లో "యూదా మక్కాబీయుడు" రచిస్తున్నారు. ఒకే ఊరి ఇద్దరు బిడ్డలలో ఒకరు స్వగృహము విడిచి సంగీతముతోను, మరొకరు పరభాషతోను బయలుదేరినట్టు దీనిని కథగా చెప్పాలని అనిపిస్తుంది గాని, షుల్జ్ హాలెలో పుట్టినవారు కారు. చరిత్ర అంత చక్కగా కుదరదు.

హాలె పయటిస్టులకు కళాత్మక సంగీతముపై అనుమానము ఉండేది. అయితే వారి పాటల పుస్తకాన్నే (ఫ్రైలింగ్‌హౌసెన్ 1704లో ప్రచురించినది) విట్టెన్‌బర్గ్ వేదాంత పండితులు గంతులు వేసే నాట్య వరుసలు ఉన్నాయని ఆక్షేపించారు. ఇతరుల సంగీతమును లోకసంబంధమన్నవారికి అదే నింద తప్పలేదు.

ఈ పయటిస్టు గాలి దక్షిణ రష్యాలోని (ఈనాటి ఉక్రెయిన్) మెనోనైటు గ్రామాలకు చేరినది. అక్కడ 1860లో మెనోనైట్ బ్రదరెన్ సంఘము పుట్టినది. మెనోనైటుల మూలపురుషులలో ఒకరైన కాన్రాడ్ గ్రెబెల్ 1524లో ముంట్జర్‌కు వ్రాసిన లేఖలో సంఘారాధనలో పాటే కూడదని వాదించారని మన విద్యార్థులు ఎంతమంది గమనించారో తెలియదు. ఆయన మాట నిలవలేదు. చెరసాలలో మగ్గిన అనబాప్తిస్టులే పాటలు వ్రాసి ఆ వాదాన్ని కొట్టివేశారు. రష్యాలోని మెనోనైటులు సాధారణముగా వాయిద్యము లేకుండ, ముందు పాడే ఒక నాయకుని వెంబడి పాడేవారు. స్వరాలను అంకెలతో వ్రాసుకొనే పద్ధతి వారిలో వ్యాపించినది. హైన్రిఖ్ ఫ్రాంజ్ 1860లో అచ్చువేయించిన వరుసల పుస్తకము అందుకు ఆధారము.

ఆ గ్రామాలనుండి అబ్రాహాము ఫ్రీజెన్, ఆయన భార్య మరియ 1889లో అమెరికన్ బాప్తిస్టు మిషను తరఫున నైజాము రాజ్యానికి వచ్చి, మరుసటి యేడు నల్లగొండలో పని ప్రారంభించారు. పాలమూరులో అంతకు ముందే, 1885లో, అమెరికన్ బాప్తిస్టుల స్టేషను ఏర్పడినది. 1899లో అమెరికానుండి మెనోనైట్ బ్రదరెన్ తొలి మిషనెరీలుగా ముగ్గురు వచ్చారు: హీబర్ట్ దంపతులు, ఎలిజబెత్ న్యూఫెల్డ్. ముగ్గురిలో ఇద్దరు స్త్రీలని గమనించాలి. నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి స్టేషన్లు ఆ తరువాతివి. 1917 రష్యా విప్లవముతో అక్కడినుండి వచ్చే సహాయము ఆగిపోయినది. నాగర్‌కర్నూలులో 1920లో ప్రారంభమైన బైబిలు పాఠశాల తరువాతి కాలములో శంషాబాదుకు మారినది.

రెండు మేళాలు, రెండూ బయటివే

ఈ సంఘాలలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. వారికి అందిన పాట రెండు దారుల వచ్చినది. ఒకటి జర్మన్, ఆంగ్ల పాటల అనువాదాలు, ఆ దేశాల వరుసలతోనే. రెండవది కీర్తన. 1803లో పుట్టి 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి, ఆయన తరువాతి కవులు కర్ణాటక రాగతాళాలలో రచించిన కీర్తనలు "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" గ్రంథము ద్వారా తెలంగాణ పల్లెలకు చేరాయి.

మన సెమినరీలలో సాధారణముగా మొదటిదానిని విదేశీ సంగీతమని, రెండవదానిని స్వదేశీ సంగీతమని బోధిస్తాము. ఈ విభజన నాకు సరిగా తోచదు. చౌదరిగారి కీర్తన ఉత్తర కోస్తాలో, సంస్కృతము చదువుకొన్న ఇంటిలో రూపొందినది. దాని ఛందస్సు, రాగము, పదజాలము మునుగోడు మాదిగవాడలో పుట్టిన మనిషికి జర్మన్ వరుస ఎంత దూరమో ఇంచుమించు అంత దూరము. ఇక కీర్తనకు సహజ వాద్యమనుకొనే హార్మోనియము ఐరోపాలో పుట్టినది. ఫ్రాన్సులో 1840లలో పేటెంటు పొందినది. చేతితో తిత్తి ఊదే రూపాన్ని కలకత్తాలో తయారుచేశారు. భారతీయ సంగీతానికి తగదని ఆకాశవాణి 1940 నుండి మూడు దశాబ్దాలు దానిని నిషేధించినది కూడ. మన గుడిలో మాత్రము అది దేశవాళీ!

అయినా కీర్తన ఇక్కడ నిలిచినది. విశ్వాసులు దానిని తమదిగా చేసుకొన్నారు. పుస్తకములో పాట నెత్తిన శంకరాభరణమని, ఆనందభైరవి అని ఉంటుంది. పాడే వరుస మరొకటి ఉంటుంది. అక్షరము రాని బైబిలు స్త్రీలు, పల్లె సంఘపు తల్లులు నాటువేసేటప్పుడు పాడే పద్ధతిలోనే పాడారు. ఒకామె పంక్తి ఎత్తుకొంటుంది, మిగిలినవారు అందుకొంటారు. రష్యా మెనోనైటుల ముందు పాడే నాయకుడు, మన నాట్ల పాటలో ముందు పాడే అమ్మ ఒకే పని చేస్తున్నారు. ఐరోపాలో రెండు వందల యేండ్లు వివాదమైన స్త్రీ కంఠము ఈ పల్లెలలో దాదాపు ఏ వివాదము లేకుండ గుడిలోనికి వచ్చినది. వాక్యము చెప్పడానికి ఆమెను పీఠమెక్కనివ్వడము వేరే సంగతి. అక్కడ మన పురుషుల ఔదార్యము పల్లవి దగ్గరే ఆగిపోయినది.

దించిన డప్పు

లోపలికి రానిది డప్పు. గుండ్రని చెక్క చట్రానికి బిగించిన తోలు, ఒక చేత సిర్ర, మరొక చేత సిటికెన పుల్ల, వాయించే ముందు మంటకు కాచి శ్రుతి చేయడము: మాదిగవారి తరతరాల విద్య ఇది. పెండ్లికి ఒక దరువు, చావుకు ఒక దరువు, జాతరకు ఒక దరువు, చాటింపుకు ఒక దరువు. ఇంత సూక్ష్మమైన తాళజ్ఞానము ఇంటనే ఉన్నవారికి గుడిలో తాళాలు, తబలా చేతికిచ్చారు.

దీనిని కేవలము మిషనెరీల సంకుచితత్వముగా చూపే వ్యాసాలు ఇటీవల చాలా వచ్చాయి. అవి సగము సత్యము. దొరలకు డప్పు అన్యదేవతల వాద్యముగా కనిపించిన మాట నిజమే. అయితే డప్పును దించినవారు మొదట మాదిగలే. ఒంగోలు ప్రాంతములో 1866లో ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మముతో ఆరంభమైన మాదిగ ఉద్యమమును క్లౌగారు తన జ్ఞాపకాలలో వివరించారు. విశ్వాసులకు ముఖ్యముగా విధించిన నియమాలు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహారాధన చేయరాదు. ఈ మూడవదాని ప్రకారము జాతరలో డప్పు కొట్టడానికి నిరాకరించినందుకే ఊరి పెద్దలు వారిని హింసించారు. నల్లగొండ, పాలమూరు పని ఈ బాప్తిస్టు ఉద్యమపు కొమ్మయే. నైజాము పల్లెలో డప్పు కళ కాదు, వెట్టి. పిలిస్తే రావాలి, చెప్పినంతసేపు కొట్టాలి, ఇచ్చినది పుచ్చుకోవాలి. పోచమ్మ ముందు డప్పు కొట్టనని చెప్పిన మనిషి దేవతను మాత్రమే కాదు, పటేలును కూడ కాదన్నాడు. ఆ నిరాకరణ వారి తొలి స్వాతంత్ర్య ప్రకటన. గుడి గోడలలో డప్పు లేకపోవడము ఆ తరానికి నష్టముగా గాక ఊరటగా తోచి ఉంటుంది.

ఈ సంగతిని మరచి "డప్పు మన సంస్కృతి, వెంటనే తెచ్చుకొందాము" అనడము ఆ తాతల త్యాగాన్ని చిన్నచేయడమే. అలాగని వారి నిరాకరణను శాశ్వత సిద్ధాంతము చేయడమూ పొరపాటే. వారు విసర్జించినది వెట్టిని. వెట్టి పోయిన తరువాత కూడ మనము వాద్యాన్నే అపవిత్రమంటున్నామంటే, ఊరి పెద్దలు దానికి వేసిన ముద్రను మనము ఇంకా మోస్తున్నామన్న మాట. సంఘము వదిలినదానిని ఇతరులు అందుకొన్నారు. 1940లలో నల్లగొండ జిల్లా సాయుధ పోరాట కేంద్రమైనప్పుడు సుద్దాల హనుమంతు వంటివారు జానపద కళారూపాలనే ఆయుధాలు చేసుకొన్నారు. 1994లో మొదలైన దండోరా ఉద్యమము డప్పునే జెండాగా ఎత్తినది. ఆ సభలలో డప్పు కొట్టినవారిలో ఆదివారము గుడికి వెళ్లేవారు లేకపోలేదు. వారి రెండు చేతులు రెండు లోకాలలో ఉండవలసి వచ్చినది.

తమిళనాడులో ఈ ప్రశ్నను ముందే ఎత్తుకొన్నారు. మదురై సెమినరీలో థియోఫిలస్ అప్పావు పల్లె సంగీతముతో ఆరాధన క్రమాలు కూర్చారు. సత్యనాథన్ క్లార్క్ 1998లో ప్రచురించిన గ్రంథములో పరై మేళాన్ని క్రీస్తు శాస్త్రానికి ఆధారముగా తీసుకొన్నారు. తెలుగులో ఆ స్థాయి పని ఇంకా జరగవలసి ఉన్నది.

మిర్యాము చేతిలో ఏమున్నది?

ఇక్కడ అనువాదపు చిక్కు ఒకటి ఉన్నది. నిర్గమకాండము 15:20లో మిర్యాము చేత పట్టుకొన్న వాద్యానికి హెబ్రీ పదము "తోఫ్". అది గుండ్రని చట్రానికి ఒకవైపు తోలు బిగించి చేతితో వాయించే వాద్యము. గ్రీకు అనువాదకులు "తుంపనోన్" అన్నారు. యెఫ్తా కుమార్తె తండ్రికి ఎదురు వచ్చినది (న్యాయాధిపతులు 11:34), స్త్రీలు సౌలుకు ఎదురు వచ్చినది (1 సమూయేలు 18:6), 150వ కీర్తనలో దేవుని స్తుతించుమన్నది ఆ వాద్యముతోనే. ఇశ్రాయేలు, యొర్దాను ప్రాంతాల త్రవ్వకాలలో అటువంటి గుండ్రని వాద్యమును రొమ్మునకు ఆనించుకొన్న స్త్రీల మట్టిబొమ్మలు దొరికాయి. ఈ చట్రపు వాద్యము ప్రాచీన ఇశ్రాయేలులో స్త్రీల సొంత కళ అని కారల్ మేయర్స్ వాదించారు.

మన పాత తెలుగు బైబిలు ఈ పదాన్ని "తంబుర" అన్నది. తెలుగువానికి తంబుర అంటే శ్రుతి కొరకు మీటే తీగల వాద్యము, భాగవతుల భుజానికి ఆనే వాద్యము. ఒక్క పదముతో మిర్యాము చేతిలోని తోలు వాద్యము తీగల వాద్యమైపోయినది. ఆంగ్లములోని "టింబ్రెల్" ధ్వని వారిని అటు లాగినదో, తోలు వాద్యము పేరు వ్రాయడానికి సంకోచించారో చెప్పడానికి ఆధారము లేదు. ఫలితము మాత్రము స్పష్టము. మాదిగ విశ్వాసి తన బైబిలులో తన వాద్యాన్ని ఎన్నడూ చూడలేదు. ఆకారములోను, పదార్థములోను తోఫ్‌కు మన దేశములో అతి సమీపమైనది డప్పు, కంజిర. ఒకటి పుల్లలతో, మరొకటి చేతితో వాయిస్తారన్న భేదము ఉన్నది. తంబురకు, తోఫ్‌కు మధ్య ఉన్న భేదముతో పోల్చితే అది ఏపాటిది! మరొక విడ్డూరము: మన పల్లెలలో డప్పు పురుషుల చేతి వాద్యము, బైబిలులో స్త్రీల చేతిది. ఎర్ర సముద్రపు ఒడ్డున పాడినది ఒక స్త్రీ కంఠము, దాని వెంట తోలు వాద్యాలు, అందుకొనే స్త్రీలు. హాండెల్ గ్లోరియా మేళము కంటె అది మన నాట్లు వేసే మడికి దగ్గర.

డప్పు కంటె మౌనముగా పోయినది కిన్నెర. మూడు సొరకాయ బుర్రలు, వెదురు దండె, పన్నెండు మెట్లు. పాలమూరు సీమలో డక్కలివారు దానిని వాయిస్తూ మాదిగలకు జాంబపురాణము, వంశచరిత్రలు, పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడేవారు. వారికి మాదిగలే పోషకులు. మాదిగవాడ సంఘమైన చోట ఆ పురాణము వినేవారు, తిండిగింజలు పెట్టేవారు తగ్గి ఉంటారని ఊహించడము కష్టము కాదు. కిన్నెర క్షీణతకు కారణాలు అనేకము; వాటిలో మన సంఘ చరిత్ర కూడ ఒకటి కావచ్చునని ఒప్పుకొనడము నిజాయితీ. నాగర్‌కర్నూలు ప్రాంతపు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు పత్రికలు ఆయనను కిన్నెర చివరి కళాకారులలో ఒకరిగా వర్ణించాయి. ఆ వాద్యముతో ఒక క్రైస్తవ కీర్తన పాడితే ఎలా ఉంటుందో విననివారమే మనలో ఎక్కువ.

సెమినరీ విద్యార్థులు చేయగల పని ఒకటి ఉన్నది. కీర్తనల పుస్తకములో ప్రతి పాట నెత్తిన రాగము, తాళము అచ్చువేశారు. పల్లె సంఘాలలో అసలు పాడిన వరుసలు ఎక్కడా వ్రాసి లేవు. ఏ కీర్తనను ఏ నాట్ల పాట వరుసలో పాడారో, ఏ చరణము దగ్గర ఏ దరువు మనసులో మెదిలిందో చెప్పగల వృద్ధ స్త్రీలు దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ వైపు పల్లెలలో ఇంకా ఉన్నారు. హాండెల్ ప్రతికి నూట అరవై ఏండ్లు ఆగగల అలమర దొరికినది. వీరి పాటకు కాగితము లేదు. ఈ వేసవి సెలవులలో ఒక రికార్డరు తీసుకొని వెళ్లినవారు, పేరుతో, ఊరితో, వరుసతో వ్రాసుకొని రాగలరు.